పులసను లెక్కపెట్టేది ఎవరు?

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా నగరంలో జరిగిన మన సంఘం సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 అనగానే డప్పులు, నృత్యాలు, ర్యాలీ, ఆ తర్వాత భోజనాలు. అవన్నీ ఉండాల్సిందే. మాకిచ్చిన ఈ అరగంటలో చేప గురించి మాట్లాడతామంటే మాత్రం నిర్వాహకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కానీ తేదీ చూడండి. గోదావరికి ఎర్రనీరు వచ్చి, పులస ఏరెక్కే రోజులివి. మన ఊరికి ఒక పక్క వశిష్ఠ, ఇంకో పక్క వైనతేయ. రెండు పాయల్లోనూ ఈ పూట వలలు పడి ఉంటాయి. ఈ మైదానంలో కూర్చున్న వాళ్లలో సగం మంది ఇళ్లలో అన్నో, నాన్నో, బాబాయో ఏటి మీద ఉండి ఉంటారు. ఇప్పుడు మాట్లాడకపోతే మళ్లీ ఎప్పుడు మాట్లాడతాం?

మనలో వేట మీద బతికే యానాది కుటుంబాలున్నాయి. తట్టలు, బుట్టలు అల్లే ఎరుకల కుటుంబాలున్నాయి. చదువుకో ఉద్యోగానికో ఏజెన్సీ నుంచి దిగొచ్చిన కొండరెడ్డి, కోయ పిల్లలూ ఉన్నారు. అందరినీ కలిపే తాడు ఏదైనా ఉందంటే అది గోదావరే. ఆ తాడు ఒక చోట తెగింది. ఆ సంగతికి తర్వాత వస్తాం.

ముందు చేప సంగతి. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. కొందరు ఇలస అంటారు. బెంగాలీలు ఇలిష్ అంటారు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ఆయన పుస్తకానికెక్కించిన పేరు కూడా ఆ 'ఇలీషా'యే. ఇప్పుడు శాస్త్రవేత్తలు టెన్యులోసా ఇలీషా అంటున్నారు. ఉప్పు నీళ్లలో పెరిగిన ఈ చేప వరద నీటి వాసన తగలగానే ఏటి మొగలోకి దూరి, ప్రవాహానికి ఎదురీదుతూ మంచినీళ్లలోకి వచ్చి గుడ్లు పెడుతుంది. ఆ ఎదురీతలోనే విలస పులస అవుతుంది. పిల్లలు కొన్ని నెలలు ఏట్లోనూ మొగలోనూ పెరిగి సముద్రానికి వెళ్లిపోతాయి. అంటే ఈ చేపకు రెండు ఇళ్లు. ఏ ఇంటికి తాళం పడినా దాని బతుకు ఆగిపోతుంది.

'పుస్తెలమ్మైనా పులస తినాలి' అని మన వైపు సామెత. ఈ మాట అనేవాళ్లు కొనేవాళ్లు. పట్టేవాడి ఇంట్లో పులస పులుసు ఉడికిన రోజులు ఎన్నో మీ అమ్మనడగండి. వేలల్లో ధర పలికే చేపను ఎవరు ఇంటికి తీసుకెళ్తారు?

ఆ ధర దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ప్రతి ఏటా టీవీలో, ఫోన్లలో ఒకటే వార్త. యానాంలో వేలం పాట, ఒక్క పులస ఇన్ని వేలు పలికిందని. విన్నవాళ్లు అబ్బో అంటారు. మాకు మాత్రం ఆ వార్త వింటే గుబులేస్తుంది. చేప దండిగా ఉంటే ధర అలా ఎక్కదు. ఇంకో మాట. ధర పెరిగితే పడవలు పెరుగుతాయి, వలల పొడవు పెరుగుతుంది, రాత్రుళ్లు కూడా వేట సాగుతుంది. అప్పుడు రేవుకొచ్చే చేపల మొత్తం తగ్గినట్టు కనపడదు. ఒక లెక్క చెప్తాం, ఊహించిన లెక్కే అనుకోండి. నిరుడు పది పడవలు ఒక పూటకు నలభై చేపలు తెచ్చాయి. ఈ ఏడు ఇరవై పడవలు అదే నలభై తెచ్చాయి. వేలం పాటదారుకి రెండూ ఒకటే. కానీ పడవకు నాలుగు వచ్చిన చోట రెండే వచ్చాయి. ఏరు సగం ఖాళీ అయింది, బజారుకు మాత్రం తెలియలేదు. అందుకే చేపల ఆరోగ్యం చూసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని పట్టారు' అని కాదు. 'ఎంత వలతో, ఎంతసేపట్లో పట్టారు' అని.

ఈ పనిని ప్రపంచంలో ఎక్కువ శ్రద్ధగా చేసింది అట్లాంటిక్ సాల్మన్ చేపకు. అది మన పులసకు చుట్టం కాదు, జాతి వేరు. బతుకు మాత్రం ఒకే పోలిక. చల్లటి దేశాల నదుల్లో గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. పిల్లలు ఏట్లో పెరిగి సముద్రంలోకి పోయి, గ్రీన్‌లాండ్ దాకా తిరిగి, మళ్లీ పుట్టిన ఏటికే వస్తాయి. పుట్టిన ఏటికే వస్తాయి కాబట్టి అక్కడ దేశం మొత్తానికి ఒక లెక్క వేసి ఊరుకోరు. ఒక్కో నదికి ఒక్కో లెక్క ఉంటుంది. ఈ నది నిండాలంటే ఎన్ని గుడ్లు పడాలి? అన్ని గుడ్లు పడాలంటే ఎన్ని ఆడ చేపలు పైకెక్కాలి? ఈ ఏడాది ఎన్ని ఎక్కాయి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుని, తక్కువైతే వేట తగ్గిస్తారు. లెక్కించడానికి ఏటికి అడ్డంగా కెమెరాలో, నీళ్లలో శబ్దం పంపి నీడను గుర్తుపట్టే యంత్రాలో పెడతారు. చేప పొలుసు తీసి భూతద్దం కింద చూస్తే చెట్టు మొద్దులో వలయాల్లా గీతలుంటాయి. ఏట్లో ఎన్నేళ్లు, సముద్రంలో ఎన్నేళ్లు ఉందో ఆ గీతలు చెబుతాయి.

ఇంత చేసినా సాల్మన్ తగ్గుతూనే ఉంది. 2006 నుంచి 2020 మధ్య ప్రపంచం మొత్తం మీద 23 శాతం తగ్గిందని చెప్పి, 2023 డిసెంబరులో ఐయూసీఎన్ సంస్థ దాన్ని ముప్పుకు దగ్గరపడ్డ జాతుల జాబితాలో చేర్చింది. లెక్కపెట్టినంత మాత్రాన చేప బతకదు. లెక్క ఉంటే, ఎవరి వల్ల ఎంత పోయిందో వాదించడానికి చేతిలో కాగితం ఉంటుంది, అంతే.

ఆ కాగితం ఎవరి చేతిలో ఉందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. నార్వే, ఫిన్లాండ్ సరిహద్దులో తానా అనే నది ఉంది. అక్కడి ఆదివాసులు సామీలు దాన్ని తమ భాషలో డెయాట్ను అంటారు. తరతరాలుగా సాల్మన్ వాళ్ల తిండి, వాళ్ల పాట, వాళ్ల భాష. వలల రకాలకు, నీటి వాలులకు, చేప వయసుకు వాళ్ల భాషలో ఉన్న మాటలన్నీ ఆ వేటలోంచి పుట్టినవే. 2017లో రెండు ప్రభుత్వాలు కొత్త ఒప్పందం చేసుకుని సంప్రదాయ వలవేటను బాగా తగ్గించేశాయి. మమ్మల్ని సరిగా అడగలేదని సామీలు నిరసన తెలిపారు. చేపలు మరీ పడిపోవడంతో 2021లో ఆ నదిలో సాల్మన్ వేటను పూర్తిగా ఆపేశారు. సాల్మన్ తగ్గడానికి సముద్రం వేడెక్కడం సహా పెద్ద పెద్ద కారణాలున్నాయి. ఆంక్ష మాత్రం ఏటి ఒడ్డున ఉన్నవాడి వల మీద పడింది. తమ సొంత ఏట్లో అనుమతి లేకుండా వేటాడారని కొందరు సామీలపై పెట్టిన కేసుల్లో 2022లో ఫిన్లాండ్ సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పునిచ్చింది. కోర్టు హక్కును నిలబెట్టగలిగింది. చేపను తిరిగి తేవడం దాని చేతిలో లేదు.

ఈ కథ ఇంతసేపు ఎందుకు చెప్పామంటే, రేపు గోదావరిలో కూడా 'పులస తగ్గింది, వేట ఆపండి' అన్న మాట రావచ్చు. రావడం తప్పు కూడా కాకపోవచ్చు. కానీ ఆ రోజున ఎవరి వల లెక్కలో ఉంటుంది, ఎవరిది ఉండదు? లైసెన్సున్న పడవ కనపడుతుంది. సొసైటీలో సభ్యత్వం ఉన్నవాడు కనపడతాడు. డొంక పక్కన గుడిసె వేసుకుని, వాళ్లదీ వీళ్లదీ పడవ ఎక్కి కూలి వాటాకు వేటకెళ్లే మనవాడు ఏ రిజిస్టర్‌లో ఉన్నాడు? వేట ఆగితే అతనికి పరిహారం ఇచ్చే చిట్టా ఏది?

ఇక ఆ తెగిన తాడు సంగతి. 1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆర్థర్ కాటన్ దొరకు ఈ డెల్టా ఇప్పటికీ దండలు వేస్తుంది. మేమూ కాదనం. ఈ కొబ్బరితోట, ఈ వరిచేను, మనం తినే ముద్ద ఆ నీళ్లవే. కానీ ఆనకట్టకు ముందు సముద్రానికీ పాపికొండలకూ మధ్య పులసకు అడ్డుగోడ లేదు. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలై 1982లో పూర్తయిన బ్యారేజీ వచ్చింది. ఇప్పుడు ఏరెక్కే చేప ప్రయాణం మామూలుగా అక్కడితో సరి. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఏం జరిగిందో చూస్తే మన సంగతి అర్థమవుతుంది. అంతకుముందు అలహాబాదు దాటి కూడా ఇలిష్ ఎక్కేది. బ్యారేజీ తర్వాత ఎగువ ఊళ్లలో ఆ వేట దాదాపు అయిపోయింది. ఫరక్కా సంగతి చూసినవాళ్లు ఇంకా బతికున్నారు, చెప్పుకుంటారు. ధవళేశ్వరం దగ్గర అది నూట డెబ్బై ఏళ్ల కింద జరిగింది. దేవీపట్నం వైపు నుంచి వచ్చిన కొండరెడ్డి తమ్ముళ్లలో ఎవరైనా లేచి 'మా ముత్తాత పులస పట్టాడు' అనగలరా? మరిచిపోయిన నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు. ఇప్పుడు అదే ఊళ్ల వాళ్లు పోలవరం ముంపుకి కాలనీలకు తరలిపోతున్నారు. ఏరు ఎంత దూరమైందో, ఏ చేప, ఏ వల, ఏ మాట పోయిందో వాళ్లయినా ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. మరో తరానికి అదీ మరుపే.

గోదావరి పులస మీద చదువులు లేకపోలేదు. 1949లోనే చాకో, గణపతి అనే శాస్త్రవేత్తలు దీని జీవనం మీద రాశారు. 1962లో పిళ్లై, రావు రాశారు. 1963 నుంచి 1967 దాకా పట్టుబడిన చేపల పొడవులు, వయసులు చూసి రాజ్యలక్ష్మి గారు 1973లో ప్రచురించారు. అరవై ఏళ్ల కింద ఒక స్త్రీ గోదావరి పులసల కొలతలతో ఇంత పని చేశారని మన చెల్లెళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఆ పాత కొలతలు బంగారం. ఎందుకంటే ఈ రోజు మనం ఒక చేపను కొలిస్తే, దాన్ని పోల్చుకోవడానికి అవి ఉన్నాయి. పోల్చడానికి ఈనాటి కొలతలే కావాలి. రోజూ రేవులో చేప దిగేది మీ కళ్ల ముందే. మీ చేతిలో ఫోనుంది, టేపు పది రూపాయలకొస్తుంది.

ఏం కొలవాలి? మూతి కొస నుంచి తోక చీలిక దాకా పొడవు. తూకం. ఆడదా, మగదా, గుడ్లున్నాయా, పెట్టేసిందా అన్నది చేప కోసేటప్పుడు తెలుస్తుంది. అది మీ అమ్మలకు మీకంటే బాగా తెలుసు, అడిగి రాసుకోండి. ఏ పాయలో, ఏ రేవుకు ఎగువనో దిగువనో. వల పొడవెంత, కన్ను ఎన్ని వేళ్లు పడుతుంది. ఎన్ని గంటలకు వదిలారు, ఎన్నింటికి లాగారు. నీటి రంగు. బ్యారేజీ నుంచి ఎంత నీరు వదిలారో రోజూ పేపర్లో వస్తుంది, అదీ పక్కన వేయండి.

అన్నింటికంటే ముఖ్యమైంది సున్నా. చేప పడని పూట ఎవరూ రాయరు. పడిన రోజు ఫోటో తీసి స్టేటస్‌లో పెడతారు, పడని ఆరు రోజులు ఎక్కడా ఉండవు. అలా పెట్టిన ఫోటోలన్నీ కలిపి చూస్తే గోదావరి నిండా పులసలే అనిపిస్తుంది. ఏరు నిజం చెప్పేది ఆ ఖాళీ వలల్లోనే. పదిసార్లు లాగితే ఎన్నిసార్లు ఖాళీ వచ్చిందో రాసిన పుస్తకం, వేలం పాట వార్తలు పది సంవత్సరాలవి పోగేసినదానికంటే విలువైనది.

కొలతలు పోగయ్యాక వాటిని చదవడం కష్టమేమీ కాదు. ఏటేటా పెద్ద చేపలు కనపడకుండా పోతుంటే, గుడ్లు పెట్టే ఆడవాటిని ముందే దించేస్తున్నామని అర్థం. పెద్ద ఆడ పులస కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. అదొక్కటి పోతే చిన్నవి ఎన్ని ఉంటే దానికి సరి! వానాకాలం అయ్యాక మొగలో పిల్లలు కనపడకపోతే, గుడ్లు పడలేదనో, పడ్డవి బతకలేదనో అనుమానించాలి. అప్పుడు నీరు తక్కువ వదిలారా, గుడ్లు పెట్టే ఇసుక మేటలు తవ్వేశారా, చెరువుల మురుగు కాలువల్లోంచి ఏం దిగుతోంది అని ఒక్కొక్కటి అడగాలి. కారణం ముందే తేల్చేసుకుని కొలతలు మొదలుపెట్టొద్దు. రొయ్యల చెరువు మీద కోపం ఉన్నవాడు చెరువే అంటాడు, చెరువులో పనిచేసేవాడు ఇసుకే అంటాడు. మన ఇళ్లలో రెండు పనులూ చేసేవాళ్లు ఉన్నారు.

పిల్ల చేపల మాట వచ్చింది కాబట్టి చీరమేను గురించి కూడా ఒక మాట. దీపావళి దరిదాపుల్లో మొగల దగ్గర చీరలతో వడగట్టి పట్టే ఆ సన్న చేపను కాదనేవాడు ఈ జిల్లాలో లేడు, మేమూ కాదనం. ఈసారి వండే ముందు ఒక గ్లాసుడు తీసి తెల్ల పళ్లెంలో పోసి, ఏ చేప పిల్లలు ఎన్ని ఉన్నాయో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వేరుచేసి చూడండి. జువాలజీ చదివే పిల్లలకు అంతకు మించిన ప్రాక్టికల్స్ ఉండవు.

ఒక జాగ్రత్త. బజారులో కొలవకండి. సీజన్లో ఒడిశా నుంచి, బెంగాల్ వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన విలస కూడా ఇక్కడ పులస పేరుతోనే అమ్ముడుపోతుంది. దాన్ని కొలిచి గోదావరి ఆరోగ్యం అనుకుంటే పొరుగింటాయన జ్వరం చూసి మనింటి వాడికి మందు వేసినట్టే. వల నుంచి తీసిన చోటే, పడవ దగ్గరే కొలవాలి.

మన పెద్దల్లో కొందరు ఈ పని వద్దంటున్నారు. వాళ్ల మాట తీసిపారేయదగ్గది కాదు. 'ఎన్ని పడుతున్నామో రాసిస్తే రేపు అదే చూపించి మన వలలు లాక్కుంటారు' అంటున్నారు. డెయాట్ను కథ విన్నాక ఆ భయం ఉత్తిదని ఎవరనగలరు? అయితే సామీల ఏట్లో లెక్క లేకపోతే నిషేధం వచ్చేది కాదా? చేపలు పోయేవి, నిషేధమూ వచ్చేది, చేతిలో కాగితం మాత్రం ఉండేది కాదు. మా అభిప్రాయం ఇది. పుస్తకం మనదిగా ఉండాలి, మన దగ్గరే ఉండాలి, ఎవరికి ఎప్పుడు చూపించాలో రేవులో కూర్చుని మనమే తేల్చుకోవాలి. వేటగాడి పేరు అందులో ఉండక్కర్లేదు. పడవకొక గుర్తు చాలు.

వేట ఆపడం అంటే పస్తులుండటమే కానక్కర్లేదని చూపిన చోటు కూడా ఉంది. బంగ్లాదేశ్‌లో 25 సెంటీమీటర్లలోపు పిల్ల ఇలిష్‌ను జాట్కా అంటారు. నవంబరు నుంచి జూన్ దాకా దాన్ని పట్టకూడదు. గుడ్లు పెట్టే అక్టోబరు పున్నమి రోజుల చుట్టూ 22 రోజులు పెద్దవాటినీ పట్టకూడదు. ఆ రోజుల్లో నమోదైన జాలరులకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. 2002-03లో రెండు లక్షల టన్నులకు పడిపోయిన ఇలిష్, 2018-19 నాటికి అయిదు లక్షల టన్నులు దాటింది. అక్కడా బియ్యం అందనివాళ్లున్నారు. అందేది నమోదైనవాళ్లకే కదా! మన దగ్గర సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంది. పులస ఏరెక్కేది ఆ తర్వాత. అంటే నిషేధం అయిపోయి, పడవలన్నీ మొగ దగ్గరకు చేరాక, వాటి మధ్య నుంచి దారి చేసుకుని అది రావాలి. గుడ్లతో ఉన్న చేపకు మొగలో నాలుగు రోజులు దారి వదిలితే ఏమవుతుందన్నది మన వేటగాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. ఏ నాలుగు రోజులు అన్నది మాత్రం రాసిపెట్టుకున్న పుస్తకమే చెప్పగలదు.

అడ్డుగోడల గురించి కూడా ఆశ వదులుకోనక్కర్లేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పెనాబ్‌స్కాట్ అనే ఆదివాసీ జాతి, తమ పేరే ఉన్న నది మీద రెండు ఆనకట్టలను కొనిపించి తీయించే ప్రయత్నంలో మొదటి నుంచీ భాగస్వామిగా నిలబడింది. 2012లో ఒకటి, 2013లో ఒకటి తీసేశారు. పులసకు దగ్గరి చుట్టాలైన షాడ్ చేపలు, వాటితోపాటు ఇంకో రకం ఏటి చేపలు లక్షల్లో పైకెక్కాయి. మన బ్యారేజీ తీసేయమని మేము అనడం లేదు, అలా అంటే ఈ ఊరే మనల్ని ఏట్లో తోస్తుంది. చేపకు దారి అడగడం వేరు. ఆ దారి ఎలా ఉండాలో, ఏ వరదకు ఎన్ని గేట్లు ఎంత ఎత్తితే చేప నిలవగలదో అడిగేటప్పుడు, ఏ తేదీన ఏ రేవు దాకా చేప వచ్చిందో మన దగ్గర ఉంటే మాట బరువుగా ఉంటుంది.

మన సంఘం తరఫున పుస్తకాలు, టేపులు, వేలాడదీసే త్రాసులు కొన్ని తెచ్చాం. వైనతేయ వైపు అప్పనపల్లి రేవుకు ఇద్దరు, వశిష్ఠ వైపు ఇద్దరు కావాలి. డిగ్రీ పిల్లలే అక్కర్లేదు, పదో తరగతి చాలు, తెల్లవారుజామున లేవగలగాలి. ప్రతి జట్టులో వేటకెళ్లే ఇంటి పిల్ల ఒకరైనా ఉండాలి, లేకపోతే పడవలో వాళ్లు చేప ముట్టుకోనివ్వరు. భోజనాలయ్యాక వేదిక పక్కన బల్ల దగ్గర పేర్లు రాసుకుంటాం. మొదటి పేజీలో రేపటి తేదీ వేసి ఉంది. చేప పడకపోతే సున్నా వేసి తీసుకురండి.